మా టౌన్‌షిప్‌లో ఆగని బస్సు

మా టౌన్‌షిప్‌కి బస్సు రాకుండా చేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఒకణ్ణేమిటి, పెద్దరికం మీదేసుకుని మరీ చేశాను. ఆ సంగతి దాచుకునే ఓపిక ఇప్పుడు నాకు లేదు.

మేము ఉండేది అమెరికాలో, నోవై అనే ఊరి పక్కన, మన పంచాయతీ లాంటి ఒక టౌన్‌షిప్‌లో. ముప్ఫై తొమ్మిదేళ్ళు కార్ల బ్రేకుల మీద పనిచేసి రిటైరయ్యాను. పేరు వాసుదేవరావు. అమెరికన్లకి మిస్టర్ రావ్‌ని, మనవాళ్ళకి వాసు గారిని. మిషిగన్‌లో ఓటు కాగితం పెళ్ళి సరుకుల జాబితా అంత పొడుగు ఉంటుంది. ప్రెసిడెంట్ దగ్గర మొదలెట్టి జడ్జీలు, లైబ్రరీ బోర్డు, మురుగుకాలవల కమిషనర్ దాకా, రెండు వైపులా సున్నాలు నల్లగా నింపుకుంటూ పోవాలి. అదంతా చదివే తీరిక మనవాళ్ళకి ఎక్కడిది? అందుకని ప్రతి ఎన్నికకీ నేను ఒక పేజీ రాసి అందరికీ ఈమెయిల్ చేసేవాణ్ణి. ఎవరు ఎవరో, ఏ పన్ను దేనికో, ఏ సున్నా నింపాలో అందులో ఉండేది. దానికి 'వాసు గారి చీటీ' అని పేరు పడిపోయింది. దసరాకల్లా చీటీ రాకపోతే ఫోన్లు వచ్చేవి. రెండొందల ఇళ్ళలో డైనింగ్ టేబుల్ మీద ఒక పక్క ఓటు కాగితం, ఇంకో పక్క నా చీటీ. మొగుడూ పెళ్ళాం ఒకే పెన్ను మార్చుకుంటూ నింపేసి పోస్టులో పడేసేవాళ్ళు. నాకు లోపల్లోపల గర్వంగానే ఉండేది.

నాలుగేళ్ళ క్రితం ఆ కాగితం రెండో వైపు, అట్టడుగున బస్సు పన్ను వచ్చింది. డెట్రాయిట్ నుంచి వచ్చే బస్సు మా టౌన్‌షిప్ పొలిమేర దాకా వచ్చి, ఒక షాపింగ్ ప్లాజా ముందు నిలబడి, వెనక్కి తిరిగిపోతుంది. పన్ను కట్టి దాన్ని లోపలికి రానివ్వాలా వద్దా అన్నది ప్రశ్న. నేను చీటీలో ఇలా రాశాను: "మనకి బస్సుతో పని లేదు. బస్సు వస్తే దాంతోపాటు ఎవరెవరో వస్తారు. 'నో' నింపండి." అక్కడితో ఆగానా అంటే అదీ లేదు. మా ఇంటి ముందు, మెయిల్‌బాక్స్ పక్కన, 'బస్సు వద్దు' అనే ఎర్రబోర్డు కూడా పాతాను. ఎనభై ఎనిమిది ఓట్ల తేడాతో బస్సు ఓడిపోయింది. ఆ శనివారం మా స్నేహితుడు డాక్టర్ రాజారావు ఇంట్లో మిరపకాయ బజ్జీలు తిన్నాం.

పైన దేవుడు ఉన్నాడో లేడో గానీ, గుర్తుపెట్టుకునేవాడు మాత్రం ఎవరో ఉన్నాడు.

కిందటేడు ఆగస్టు చివర్లో ఒక సాయంత్రం కారు ఇంట్లోకి తిప్పుతూ మా మెయిల్‌బాక్స్‌నే గుద్దేశాను. ముప్ఫై ఏళ్ళుగా అక్కడే ఉన్న మెయిల్‌బాక్స్. అది నాకు కనిపించనే లేదు. కర్ర మొదలంటా పెకలించుకొచ్చి గడ్డిలో పడింది. రేపు చూద్దాంలే అని లోపలికి పోయాను. మర్నాడు పొద్దున కాఫీ కప్పుతో బయటికొస్తే అది నిటారుగా నిలబడి ఉంది. కర్ర మొదట్లో పూలమడి రాళ్ళు చుట్టూ పేర్చి ఉన్నాయి. మా పోస్ట్‌మాన్ ఎంత మంచివాడో అనుకున్నాను.

కంటి డాక్టరమ్మ పరీక్ష చేసి గ్లకోమా అంది. "ఎదురుగా ఉన్నది మీకు బాగానే కనిపిస్తుంది, పక్కనుంచి వచ్చేదే కనిపించదు. నిన్న మెయిల్‌బాక్స్. రేపు సైకిల్ మీద పిల్ల అయితే?" అంది. బ్రేకులు చేసి బతికినవాణ్ణి, ఆపవలసినప్పుడు ఆపాలని నాకు ఇంకొకరు చెప్పాలా? ఆ వారమే వెళ్ళి లైసెన్స్ ఇచ్చేసి వచ్చాను.

లైసెన్స్ పోతే పోయింది. అసలు గొడవ ప్రమోద. నా భార్యకి కిడ్నీలు పనిచెయ్యవు. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున ఆరింటికి డయాలిసిస్ సెంటర్‌లో కుర్చీలో ఉండాలి. నాలుగు గంటలు మిషన్ మీద ఉండి వస్తేనే తర్వాతి రెండు రోజులు మనిషి. సెంటర్ మా ఇంటికి ఒకటిన్నర మైలు. తెనాలిలో అయితే రిక్షావాడితో కబుర్లు చెబుతూ పోయే దూరం. ఇక్కడ సైడ్‌వాక్ కూడా లేదు, రోడ్డు పక్కన కాలవ. ఏడాదిగా తీసుకెళ్ళింది నేనే. ఆవిడ ఎనభై మూడులో ఒక్కసారి స్టీరింగ్ పట్టుకుని, పక్కింటివాళ్ళ గులాబీ మొక్కల్లోకి పోనిచ్చి, దిగి, మళ్ళీ దాని జోలికి పోలేదు.

దేశం అవతలి కొసన ఉన్న రెడ్‌మండ్ నుంచి మా అమ్మాయి స్మృతి ఫోన్ చేసింది.

"డాడీ, జస్ట్ ఇక్కడికి వచ్చేయండి. నేను అంతా సెటప్ చేస్తాను. అమ్మకి ఇక్కడ కూడా సెంటర్ ఉంది."

"సెంటర్ ఉంటే సరిపోతుందా? సూది ఎవరు గుచ్చుతారే?" అంది ప్రమోద వెనకనుంచి. "డెనీస్ వస్తుందా అక్కడికి?"

డెనీస్ ఆ సెంటర్‌లో టెక్నీషియన్. యాభై దాటిన నల్లజాతి ఆవిడ, పొడుగు మనిషి, మాట తక్కువ. మొదటి నెలల్లో ఎవరెవరో గుచ్చితే ప్రమోద చెయ్యి మోచేతి దాకా నల్లగా కమిలిపోయేది. ఇంటికొచ్చి ఐస్ పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకునేది. డెనీస్ చేతిలో పడ్డాక ఆ ఏడుపు ఆగింది. రెండు సూదులూ గుచ్చేసి టేపు వేస్తున్నప్పుడు "అయిపోయిందా?" అని అడిగేది ప్రమోద. ఆ మనిషిని వదిలి ఎక్కడికీ రానంటే నేనేమనగలను?

మా వీధిలో భాస్కర్ అని కార్ల కంపెనీలో ఇంజినీరు ఉన్నాడు. సంగతి తెలిసి వాడే వచ్చాడు. "నేను డ్రాప్ చేస్తాను అంకుల్, ఇందులో ఏముంది" అన్నాడు. రెండు వారాలు దింపి, తీసుకొచ్చాడు కూడా. ఆ తర్వాత కంపెనీ అందర్నీ వారానికి ఐదు రోజులూ ఆఫీస్‌కి రమ్మంది. పొద్దున దింపడం ఎలాగో కుదిరేది గానీ, పదిన్నరకి తీసుకురావడానికి మీటింగ్‌లోంచి ఎలా లేచి వస్తాడు? మొహం చిన్నబుచ్చుకుని చెప్పాడు. నేనే వాడికి ధైర్యం చెప్పి పంపాను.

టౌన్‌షిప్ ఆఫీస్‌కి ఫోన్ చేశాను. ముసలివాళ్ళ కోసం వ్యాన్ ఉందని విన్నాను.

"ఉంది సార్," అంది అక్కడి అమ్మాయి. "మంగళవారం, గురువారం. పది నుంచి మూడు దాకా."

"మాకు సోమ, బుధ, శుక్రవారాలు కావాలమ్మా. పొద్దున ఆరింటికి."

"డయాలిసిస్ రోజులు మార్చుకోవడానికి వీలవుతుందా?"

"కిడ్నీలని అడిగి చెప్తాను," అన్నాను.

ఆ పిల్ల నవ్వలేదు. గొంతు తగ్గించి, "నాకూ బాధగానే ఉంది సార్. రోజుకి ఇలాంటి ఫోన్లు నాలుగైదు వస్తాయి. అప్పట్లో బస్సు పన్ను నెగ్గి ఉంటే వ్యాన్ రోజూ ఉండేది," అంది. నేను థాంక్స్ చెప్పి పెట్టేశాను. నా పేరు అడగనందుకు బతికిపోయాను.

నాకున్న జబ్బు గ్లకోమా ఒక్కటే కాదు. ఒకరికి చెప్పడమే గానీ ఒకరిని అడగడం అలవాటు లేదు. రాజారావు ఉన్నాడు, ఇంకో పదిమంది ఉన్నారు. తెల్లవారుజామున లేచి రమ్మని ఎవరినీ అడగబుద్ధి కాలేదు. ఫోన్‌లో టాక్సీ బుక్ చేయడం నేర్చుకున్నాను. ఒకటిన్నర మైలంటే వాళ్ళకి గిట్టదు. వస్తున్నానని చూపించి, సగం దారిలో క్యాన్సిల్ చేస్తారు. సెప్టెంబర్ నెలాఖరులో ఒక శుక్రవారం, భాస్కర్ ఊళ్ళో లేడు, ముగ్గురు వరసగా క్యాన్సిల్ చేశారు. ప్రమోద చీరమీద స్వెటర్ వేసుకుని, దుప్పటి సంచీ ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కుర్చీలో కూర్చుంది. నాలుగోవాడు వచ్చేసరికి ఏడున్నర. సెంటర్‌లో ఆ కుర్చీ ఇంకొకరికి ఇచ్చేశారు. శనివారం ఖాళీ లేదన్నారు.

ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి పడుకోబోయి లేచి కూర్చుంది. "ఊపిరి ఆడటం లేదండీ," అంది. పెదాలు నీలంగా ఉన్నాయి. అంబులెన్స్ వచ్చింది, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందన్నారు, మూడు రోజులు ఆస్పత్రిలో ఉంచారు. ఆవిడ మంచం పక్కన కూర్చుని, ఒకటిన్నర మైలు దూరం దాటించలేక ఈ మనిషిని పోగొట్టుకునేవాణ్ణి కదా అనుకున్నాను.

ఆస్పత్రి నుంచి వచ్చాక తొలి శుక్రవారం భాస్కర్ సెలవు పెట్టి మమ్మల్ని ఎక్కించుకున్నాడు. కుండపోతగా వాన. వెనకసీట్లో ఆవిడ చెయ్యి పట్టుకుని నేను. సగం దారిలో చక్రం గుంటలో పడి నీళ్ళు ఎగిసిపడ్డాయి.

"అయ్యయ్యో," అన్నాడు భాస్కర్ అద్దంలోకి చూస్తూ. "ఎవరో నడుస్తున్నారు అంకుల్. మొత్తం తడిపేశాను."

"ఎవరు?"

"ఎవరో పాపం. గొడుగు వేసుకుని."

నాకు పక్కవి కనిపించవు కదా. ఆరింటికి కుర్చీ తప్పిపోతుందేమోనన్న భయంలో ఆగమని కూడా అనలేదు.

సెంటర్‌లో ప్రమోద బరువు చూశారు, కుర్చీలో కూర్చోబెట్టారు. డెనీస్ ఇంకా రాలేదు. ఇంకో టెక్నీషియన్ వచ్చి నేను మొదలుపెట్టనా అంటే, "కాసేపు చూద్దాం," అంది ప్రమోద. ఆరు ఇరవైకి తలుపు తెరుచుకుంది. డెనీస్ మోకాళ్ళ దాకా బురద. కోటు ఒక వైపు నిలువునా తడిసి కారుతోంది. నేరుగా లోపలికి పోయి, బట్టలు మార్చుకుని, పొడి మేజోళ్ళు వేసుకుని వచ్చింది. సింక్ దగ్గర వేడినీళ్ళ కింద చేతులు పెట్టుకుని చాలాసేపు నిలబడింది.

"చల్లటి చేత్తో ముట్టుకుంటే నరం ముడుచుకుంటుంది," అంది ప్రమోద దగ్గరికొచ్చి. "ఆలస్యమైంది, మిస్ ప్రమోద. క్షమించండి."

"అదేమిటమ్మా, కారు ఏమైంది?"

"నాకు కారు లేదు. పాడై ఐదేళ్ళు దాటింది. పొద్దున తొలి బస్సు పట్టుకుని ప్లాజా దాకా వస్తాను. అక్కణ్ణుంచి నడక."

"ప్లాజా నుంచా? రెండున్నర మైళ్ళు!" అన్నాను.

"ఇవాళ బస్సు కూడా లేటు, మిస్టర్ రావ్. మామూలుగా అయితే మీరు రాకముందే వచ్చేస్తాను." సూది గుచ్చింది. ప్రమోద కన్ను కూడా ఆర్పలేదు. "బస్సు ఇక్కడిదాకా వచ్చేదే. ఈ టౌన్‌షిప్ వాళ్ళు వద్దన్నారు. ఎనభై ఎనిమిది ఓట్లు." రెండో సూది. "నవంబర్‌లో మళ్ళీ పెడుతున్నారట. ఈసారీ ఓడిపోతే నేను డెట్రాయిట్‌లోనే, బస్సు దారిలో ఏదో సెంటర్ చూసుకుంటాను. మోకాళ్ళు ఇంకో చలికాలం ఒప్పుకోవు."

ఎనభై ఎనిమిది. ఆ అంకె నాకు గుర్తున్నట్టే ఆవిడకీ గుర్తుంది. నేను గోడమీద టీవీ వైపు చూస్తూ కూర్చున్నాను. అందులో ఏం వస్తోందో నాకు తెలీదు. ప్రమోద నావైపు చూసింది.

ఆ సాయంత్రం ఆవిడ వంటింట్లో బంగాళాదుంపలు ఉడికించి, నీళ్ళు వంపేసి, మళ్ళీ కొత్త నీళ్ళు పోసి ఉడికిస్తోంది. కిడ్నీ రోగులకి కూర కూడా రెండుసార్లు ఉడికి, సారం పోతే గానీ పనికిరాదు. నేను స్టూలు మీద కూర్చున్నాను.

"చీటీ రాయలేదేం? దసరా వచ్చేస్తోంది," అంది.

"డెనీస్ అలా అన్నప్పుడు నువ్వెందుకు ఊరుకున్నావు?"

"ఏమనమంటారు? మా ఆయనే చేశాడమ్మా అననా?" గిన్నె దింపింది. "ఆ ఏడు మీ చీటీ పక్కన పెట్టుకుని నేనూ నింపాను. ఆ ఓట్లలో నాదీ ఒకటుంది."

"నేను చెబితే కదా నింపావు."

"ఎం.ఏ. చదివాను నేను. చదవడం రాకా?" ఆవిడ గొంతు పెరగలేదు. "ఎవరెవరో వస్తారు అని రాశారు. ఆ మాట చదివినప్పుడు నాకేమీ అనిపించలేదండీ. ఇవాళ ఆవిడ చేతులు వేడి చేసుకుంటుంటే అదే గుర్తొచ్చింది. ఎవరెవరో అంటే ఆవిడే కదా?"

ఉప్పు లేని బంగాళాదుంప కూర ఇద్దరం తిన్నాం.

మర్నాడు కూర్చుని చీటీ రాశాను. ఇరవై ఏళ్ళలో అంత చిన్న చీటీ ఎప్పుడూ రాయలేదు, రాయడానికి అంతసేపూ ఎప్పుడూ పట్టలేదు.

"ఈసారి జడ్జీలెవరో, మురుగుకాలవల కమిషనర్ ఎవరో మీరే చదువుకోండి. అది నేర్పకుండా ఇన్నేళ్ళూ మీ చేత సున్నాలు నింపించాను. నాలుగేళ్ళ క్రితం బస్సు వద్దని చెప్పాను. తప్పు చెప్పాను. ఎవరెవరో వస్తారని రాశాను. ఆ వచ్చేవాళ్ళలో ఒకరు ప్రమోద ప్రాణం నిలబెడుతున్నారు. బస్సు లేక ఆవిడ రెండున్నర మైళ్ళు వానలో నడిచి వస్తున్నారు. నేను మాత్రం 'ఎస్' నింపుతున్నాను. ఇంకో మాట. నాకు కళ్ళు సరిగా లేవు. సోమ, బుధ, శుక్రవారాలు ప్రమోదని తీసుకెళ్ళి తీసుకురావడానికి మనిషి కావాలి. అడుగుతున్నాను."

ఆఖరి మాట రాయడానికే అరగంట పట్టింది.

పంపిన పది నిమిషాలకి రాజారావు ఫోన్.

"ఏమయ్యా వాసూ, మతి గానీ పోయిందా? నీ అవసరం కోసం మాట మార్చేస్తావా?"

"మార్చాను. నా దాకా వస్తే గానీ తెలిసింది కాదు. సిగ్గుగానే ఉంది."

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నావు."

"కాలాయని పట్టుకోకుండా ఊరుకోమంటావా?"

"నేను మాత్రం నో. పన్నుల మీద పన్నులు. చచ్చినా నో."

"నీ ఓటు నీ ఇష్టం. చదివి నింపు, చాలు."

నేను ఫోన్ పెట్టెయ్యబోయాను.

"ప్రమోద ఆస్పత్రిలో ఉందని నేను భాస్కర్ నోట వినాలా? నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు. గొంతు మారిపోయింది. "ముప్ఫై ఏళ్ళు డాక్టర్‌గా చేసినవాణ్ణి, పక్క వీధిలో ఉన్నవాణ్ణి, నేను చచ్చాననుకున్నావా? బుధవారం కారు నాది. రెండు పూటలా. దానికీ ఓటుకీ సంబంధం లేదు, ముందే చెబుతున్నా."

సాయంత్రానికి పద్నాలుగు మంది రాశారు. నేను చీటీ రాస్తే 'థాంక్యూ వాసు గారూ' అని రావడమే తెలుసు. మొదటిసారి 'నేను వస్తాను అంకుల్' అని వచ్చింది. ఆ ఈమెయిళ్ళు ఒక్కొక్కటీ పైకి చదివి ప్రమోదకి వినిపించాను. మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. అడిగితే ఇచ్చేవాళ్ళు ఇంతమంది చుట్టూ ఉండగా, అడగకూడదన్న నా బోడి గొప్పతనం ఆవిడని ఆస్పత్రి దాకా తీసుకెళ్ళింది కదా.

వంతులు వేశాం. సోమవారం పొద్దున భాస్కర్, పదిన్నరకి ఇంకొకరు. బుధవారం రాజారావు. శుక్రవారం రేణు, మా లైబ్రరీలో పనిచేసే అమ్మాయి, డ్యూటీ మధ్యాహ్నం కనక రెండు పూటలా తనే. అందరినీ ఇంకొకటి కూడా అడిగాను. అడగడం అలవాటైంది మరి. ముందు ప్లాజాకి పోయి డెనీస్‌ని ఎక్కించుకుని, తర్వాత మా ఇంటికి రావాలి.

"అది ఎదురు దారి కదయ్యా," అన్నాడు రాజారావు.

"అవును. రెండు మైళ్ళు ఎక్కువ."

"పొద్దున్నే!" అని విసుక్కుని వెళ్ళాడు. రెండో బుధవారానికి కారులో వాళ్ళిద్దరూ పన్నుల మీద వాదించుకుంటూ వచ్చారు. డెనీస్ మాట తక్కువ మనిషి అనుకున్నాను గానీ, రాజారావుకి సరైన జోడీ.

అందరూ నామీద ఇంత దయ చూపిస్తుంటే లోపల ఒక ముల్లు మాత్రం అలాగే ఉండిపోయింది. చీటీ తెలుగులో ఉంది. నేను చేసింది డెనీస్‌కి తెలీదు. అక్టోబర్ చివర ఒకరోజు మిషన్ తిరుగుతుండగా, ప్రమోద కునుకు తీస్తుండగా, డెనీస్ ఒక్కతే కాగితాలు రాసుకుంటుంటే దగ్గరికి వెళ్ళాను.

"డెనీస్, నీకొక సంగతి చెప్పాలి. నాలుగేళ్ళ క్రితం ఆ బస్సు ఓడిపోయినప్పుడు..."

"తెలుసు, మిస్టర్ రావ్."

"ఏం తెలుసు?"

"నేను నడిచేది మీ ఇంటి ముందు నుంచే. అప్పుడు ఎర్రబోర్డు ఉండేది, రెండు నెలలు. మెయిల్‌బాక్స్ మీద మీ పేరు ఉంది. నిరుడు మిస్ ప్రమోద కొత్తగా వచ్చినప్పుడు ఆవిడ కాగితాల మీద అదే పేరు, అదే వీధి."

అంటే ఇన్ని నెలలుగా, వారానికి మూడుసార్లు, తెలిసే ఆ చేతులు వేడినీళ్ళ కింద పెట్టుకుంది.

"కోపం రాలేదా?"

"వచ్చింది. మొదటి రోజు మరీ వచ్చింది." పెన్ను జేబులో పెట్టుకుంది. "కానీ చెయ్యి మిస్ ప్రమోదది. నొప్పి కూడా ఆవిడదే." మిషన్ మీద అంకెలు ఒకసారి చూసి, వెళ్ళబోతూ ఆగింది. "అన్నట్టు ఆ మెయిల్‌బాక్స్ గట్టిగా ఉందా? వేసవిలో ఒకరోజు గడ్డిలో పడి ఉంటే రాళ్ళు పేర్చి నిలబెట్టాను. అది ఊరికే నిలవదు, మిస్టర్ రావ్. మంచు పడేలోపు సిమెంట్ వేయించండి."

నేను బయటికి వచ్చి, పార్కింగ్‌లో రాజారావు కారు పక్కన నిలబడి ఏడ్చాను. డెబ్బై ఆరేళ్ళ మొగవాణ్ణి, పట్టపగలు. ఏమైందయ్యా అని రాజారావు దిగి వచ్చాడు. చెప్పాను. అంతా విని, "నేనూ ఆ బజ్జీలు తిన్నవాణ్ణే," అని నా వీపు మీద చెయ్యి వేశాడు.

ఎన్నికల మర్నాడు బుధవారం. ఐదున్నరకి కారు మా ఇంటి ముందు ఆగేసరికే డెనీస్ ముందు సీట్లో ఫోన్ చూస్తోంది. ప్రమోదని ఎక్కించి నేనూ కూర్చున్నాను. మలుపు తిరిగాక డెనీస్ అంది: "నూట ఆరు ఓట్ల తేడా. నెగ్గింది."

ప్రమోద ముందుకు వంగి ఆవిడ భుజం పట్టుకుంది. నేను ఏమన్నానో నాకు గుర్తులేదు.

"నేను నో వేశాను," అన్నాడు రాజారావు, రోడ్డు వైపే చూస్తూ. "చెప్పాలి కనక చెబుతున్నా."

"తెలుసు డాక్టర్," అంది డెనీస్. "కొంచెం నెమ్మదిగా పోనివ్వండి."

ఆ నూట ఆరులో మనవాళ్ళవి ఎన్నో నేను ఎవరినీ అడగలేదు. చదివి నింపమన్నాను, నింపారు. ఇక అది వాళ్ళ ఓటు.

వంతుల కారు చలికాలమంతా నడిచింది. ఒక్క పూట తప్పలేదు. మార్చిలో టౌన్‌షిప్ నుంచి ఉత్తరం వచ్చింది. బస్సు స్టాప్ మా వీధిలో ఒకటి పెట్టాలి, ఇళ్ళవాళ్ళు ఎవరికి వారే తమ ముందు వద్దంటున్నారు, మీ అభిప్రాయం రాయండి అని. మా ముందు పెట్టండి అని రాశాను. మెయిల్‌బాక్స్ పక్కన చోటు ఉందని, అక్కడ ఇదివరకు ఒక బోర్డు ఉండేదని కూడా రాశాను.

మే నెలలో మొదటి సోమవారం. చల్లగా ఉంది, తూర్పున వెలుగు అప్పుడే వస్తోంది. భాస్కర్ కారు తీస్తానన్నా వద్దన్నాం. ప్రమోద స్వెటర్ వేసుకుని, దుప్పటి సంచీ పట్టుకుని, సిమెంట్ వేసిన మెయిల్‌బాక్స్ మీద చెయ్యి ఆనించి నిలబడింది. బస్సు వచ్చి మా ముందు ఆగింది. డ్రైవర్ ఏదో మీట నొక్కితే మెట్టు ఆవిడ కాలి దగ్గరికి దిగింది. "తొందర లేదమ్మా, నిదానంగా," అన్నాడు.

లోపల దీపాలు వెలుగుతున్నాయి. హోటల్ యూనిఫామ్ వేసుకుని కిటికీకి తలానించి నిద్రపోతున్న పిల్ల, భోజనం డబ్బా ఒళ్ళో పెట్టుకున్న పెద్దాయన, ఇంకా నాకు పేర్లు తెలియని మనుషులు. డెనీస్ పక్కసీటు మీద నుంచి తన సంచీ తీసి ప్రమోదకి చోటు చూపించింది.

బస్సు నిండా ఎవరెవరో ఉన్నారు. మేమూ ఎక్కాం.